90 లక్షల ఖాళీ గడులు: ఉచిత శిక్షణ లెక్కలు రాసేదెవరు, చూసేదెవరు?

2025 డిసెంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) నివేదికలో ఒక సంఖ్య ఉంది: 90,66,264. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద స్కిల్ ఇండియా పోర్టల్‌లో నమోదైన 95,90,801 మంది వివరాలను ఆడిట్ అధికారులు తిరగేశారు. బ్యాంకు ఖాతా నంబరు ఉండాల్సిన చోట 90,66,264 మందికి సున్నాలు గానీ, ‘నల్’, ‘ఎన్/ఏ’ అన్న రాతలు గానీ ఉన్నాయి. లేదంటే ఆ గడి ఖాళీగా ఉంది. శాతంలో చెప్పాలంటే 94.53. మిగిలిన 5,24,537 మంది లెక్కైనా సరిగ్గా ఉందా అంటే అదీ లేదు. వాళ్లలో 52,381 మంది పేర్లకు ఎదురుగా ఉన్నవి 12,122 ఖాతా నంబర్లే. సగటున ఒక్కో ఖాతాను నలుగురికి పైగా పంచుకున్నారన్నమాట.

ఇది దేశం మొత్తం లెక్క. వడమాలపేట వంటి మండలంలో ఉన్నవాళ్లకు దీనితో ఏం పని అనిపించవచ్చు. చాలా పని ఉంది. తిరుపతి–పుత్తూరు దారి మీదున్న ఈ మండలం నుంచి ఇంటరో డిగ్రీయో అయిన పిల్లలు ఎటు పోతారో ఇక్కడి ఇళ్లన్నిటికీ తెలుసు. ఒకవైపు రేణిగుంట ఎలక్ట్రానిక్స్ క్లస్టర్లు, ఇంకోవైపు పుత్తూరు, నగరి మరమగ్గాలు. ఇంకాస్త దూరం వెళ్తే శ్రీసిటీ, అదీ దాటితే చెన్నై. ఈ ఉద్యోగాలకు ముందు మూడు నెలల ఉచిత శిక్షణ అని ఎవరో చెబితే, కూలి పని మానుకుని మరీ పిల్లను సెంటర్లో చేర్పించే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ శిక్షణకు వాళ్లు ఫీజు కట్టరు, ప్రభుత్వం కడుతుంది. ఎంత కట్టాలో, ఎప్పుడు కట్టాలో తేల్చేది సెంటర్ వాళ్లు పోర్టల్‌లో ఎక్కించే వివరాలు. కాబట్టి ఆ గడుల్లో ఏముందన్నది ఆ తల్లిదండ్రుల సంగతి కూడా.

సెంటర్లో చేరిన అమ్మాయి పేరు పోర్టల్‌లో ఒక వరుస అవుతుంది. మొదట ఆధార్, పుట్టిన తేదీ, సామాజిక వర్గం, చదువు, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా, ఫొటో. తర్వాత రోజూ వేలిముద్రతో హాజరు. ఆపైన పరీక్ష తేదీ, మార్కులు, సర్టిఫికెట్ నంబరు. చివర్లో ఏ కంపెనీలో చేరింది, జీతమెంత, ఎన్నాళ్లు నిలిచింది అన్న గడులు. మొదటి భాగం నింపడం సులువు, అభ్యర్థి ఎదురుగానే ఉంటుంది. చివరి గడుల దగ్గరికొచ్చేసరికి ఆమె ఊళ్లో ఉండదు, ఫోన్ నంబరు మారిపోయి ఉంటుంది, సెంటర్ వాళ్లు తర్వాతి బ్యాచ్ పనిలో పడి ఉంటారు. పథకం ఎందుకు పెట్టారో దానికి జవాబు మాత్రం ఆ చివరి గడుల్లోనే ఉంటుంది.

డబ్బు లెక్క చూస్తే ఈ గడుల విలువ తెలుస్తుంది. కేంద్రం 2015 జులైలో అన్ని నైపుణ్య పథకాలకు కలిపి ఉమ్మడి నిబంధనలు తెచ్చింది. కోర్సులను మూడు తరగతులు చేసి, ఒక్కో అభ్యర్థికి గంటకు 38.50, 33.00, 27.50 రూపాయల చొప్పున ధర కట్టింది. ఆ ధరలను తర్వాత పెంచారు, కానీ లెక్క అర్థం కావడానికి మొదటి ధరే చాలు. 30 మంది బ్యాచ్, 300 గంటల కోర్సు, మొదటి తరగతి అనుకుందాం. ఒక్కొక్కరికి 11,550 రూపాయలు, బ్యాచ్‌కి 3,46,500. ఆ నిబంధనల ప్రకారం ఈ మొత్తం ఒకేసారి రాదు. బ్యాచ్ మొదలయ్యాక 30 శాతం, అంటే 1,03,950. అభ్యర్థులు పాసై సర్టిఫికెట్ తీసుకున్నాక 50 శాతం, అంటే 1,73,250. ఉద్యోగాలు వచ్చినట్టు తేలాక మిగిలిన 20 శాతం, 69,300. మధ్యలో మానేసినవాళ్ల సొమ్ము తర్వాతి విడతల్లో కోసుకుంటారు.

ఇప్పుడు ఆ ముప్పైమందిలో 24 మంది పాసయ్యారనుకోండి. చివరి విడత పూర్తిగా రావాలంటే వాళ్లలో 70 శాతం మంది మూడు నెలల్లోపు పనిలో చేరాలి, కనీసం సగం మంది జీతం మీద పనిచేసే ఉద్యోగంలో ఉండాలి. 24లో 70 శాతమంటే 16.8, అంటే 17 మంది. సగానికీ 70 శాతానికీ మధ్య ఉంటే దామాషాలో కొంత వస్తుంది. సగం కంటే తగ్గితే ఆ విడతలో ఒక్క రూపాయి కూడా రాదు. అంటే 12 మంది పనిలో చేరితే కొంత సొమ్ము, 11 మందే చేరితే సున్నా. ఆ పన్నెండో పేరు పక్కన ‘ఉద్యోగంలో చేరింది’ అని రాయడానికి సెంటర్ మీద ఎంత ఒత్తిడి ఉంటుందో ఊహించవచ్చు. రాసేది సెంటరే, ఆ రాతను బట్టి డబ్బు తీసుకునేదీ సెంటరే. ఈ ఏర్పాటులోని అసలు బలహీనత ఇది. నిజాయితీగా నడిపే సెంటర్లు చాలా ఉండవచ్చు. నిజాయితీపరులకూ మోసగాళ్లకూ తేడా చూపించలేని పద్ధతి మాత్రం నిజాయితీపరులకే అన్యాయం చేస్తుంది.

గ్రామీణ యువత కోసం 2014 సెప్టెంబరు 25న మొదలైన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజనలో నిబంధనలు ఇంకా గట్టివి. మన రాష్ట్రంలో దీన్ని రాష్ట్ర ప్రభుత్వ సంస్థ సీడాప్ నడుపుతుంది. 15 నుంచి 35 ఏళ్లవారికి శిక్షణ, కనీసం 70 శాతం మందికి ఉద్యోగం. సొమ్ము 25, 50, 15, 10 శాతాల చొప్పున నాలుగు విడతల్లో వస్తుంది. ఉద్యోగం వచ్చిందని రాస్తే సరిపోదు, జీతం రసీదో బ్యాంకు స్టేట్‌మెంటో చూపించాలి. ఐటీఐల్లో లెక్క వేరే: 80 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. బడుల్లో తొమ్మిదో తరగతి నుంచి చెప్పే వృత్తి విద్య వివరాలు బడుల సమాచారం నమోదు చేసే యూడైస్ ప్లస్ పోర్టల్‌లోకి పోతాయి. అక్కడ 2022-23 నుంచి బడి మొత్తం లెక్కతో సరిపెట్టకుండా ఒక్కో విద్యార్థి వివరం విడిగా తీసుకుంటున్నారు.

మళ్లీ కాగ్ నివేదిక దగ్గరికి వద్దాం. 2015 నుంచి 2022 వరకు మూడు దశల్లో నడిచిన కౌశల్ వికాస్ యోజనను అది పరిశీలించింది. స్వల్పకాలిక శిక్షణ, ప్రత్యేక ప్రాజెక్టుల కింద సర్టిఫికెట్ అందుకున్నవారు 56.14 లక్షల మంది. ఉద్యోగం వచ్చినట్టు నమోదైనవారు 23.18 లక్షలు, 41 శాతం. ఈ 41 కూడా సెంటర్లు చెప్పిన వివరాల మీద ఆధారపడ్డదే. ఆడిట్ వాళ్లు అభ్యర్థులనే నేరుగా అడుగుదామని ఈమెయిళ్లు పంపారు. మూడో వంతుకు పైగా, 36.51 శాతం, అసలు చేరనే లేదు. జవాబులు వచ్చినవి 171. అందులో 131 ఒకే ఈమెయిల్ చిరునామాల నుంచో, శిక్షణ సంస్థల చిరునామాల నుంచో వచ్చాయి. ఒకే ఫొటోను వేర్వేరు అభ్యర్థుల పేర్లకు వాడిన సందర్భాలూ బయటపడ్డాయి.

ఖాతా నంబర్ల విషయంలో మంత్రిత్వ శాఖ వాదన కూడా చెప్పాలి. మొదట్లో ఆ గడి తప్పనిసరి అనీ, నమోదులో ఇబ్బందులు రావడంతో సడలించామనీ, ఆధార్‌తో ముడిపడిన ఖాతాకు నేరుగా డబ్బు పంపే వీలుందనీ చెప్పింది. ఇందులో కొంత నిజం ఉంది. అయినా పాసైన అభ్యర్థికి ఖాతాలో వేయాల్సిన 500 రూపాయలు ఆమెకు చేరాయో లేదో, ఖాతా గడి ఖాళీగా ఉంటే ఆ వరుసను చూసి చెప్పగలిగేవారు ఎవరూ ఉండరు. 500 రూపాయలు చిన్న మొత్తమే. కానీ ఆ అమ్మాయి నిజంగా ఉందనీ, శిక్షణ నిజంగా జరిగిందనీ చెప్పడానికి ఆ చెల్లింపు ఒక రుజువు.

సెంటర్ల వైపు కష్టాలూ ఉన్నాయి, వాటిని తేలిగ్గా తీసుకోకూడదు. పొద్దున్న తొమ్మిదిన్నరకి వేలిముద్ర మిషన్ ముందు వరుస కట్టిన పిల్లల్లో ఎవరో ఒకరు ‘తంబ్ పడలేదు సార్’ అంటారు. మామిడి తోటల్లో కాయలు కోసి, మగ్గం మీద దారాలు ముడివేసి అరిగిన వేళ్లను మిషన్ గుర్తుపట్టదు. రెండుసార్లు తుడిచి, మూడోసారి వేరే వేలు పెట్టి చూస్తారు. నెట్ పోతే ఆ రోజు హాజరు ఎక్కదు. అలాంటి రోజులు పోగైతే క్లాసులో కూర్చున్న పిల్ల కూడా లెక్కలో గైరు హాజరే. మరమగ్గం షెడ్డులో చేరినవాళ్లకు జీతం చేతికే ఇస్తారు, ఇక బ్యాంకు స్టేట్‌మెంటు ఎక్కడి నుంచి తెస్తారు? ఒక్కో పథకానికి ఒక్కో పోర్టల్, ఒక్కో పాస్‌వర్డ్. వీటన్నిటికీ కలిపి చాలా చోట్ల ఒకే కంప్యూటర్ ఆపరేటర్.

వడమాలపేటకు ప్రత్యేకంగా ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు ఈ మండలం తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఒకే నియోజకవర్గమైనా నగరి చిత్తూరు జిల్లాలోనే ఉండిపోయింది. 2021లో శిక్షణ పొందిన అన్న పేరు చిత్తూరు జిల్లా లెక్కలో ఉంటే, 2023లో చేరిన చెల్లెలి పేరు తిరుపతి లెక్కలో ఉంటుంది. రెండు జిల్లాల అంకెలు పక్కపక్కన పెట్టి శిక్షణ పెరిగిందో తగ్గిందో తేల్చబోతే తప్పుదారి పడతాం. ఇక్కడివాళ్లకు పనికొచ్చేది మండలం స్థాయి లెక్క. నేను చూడాలనుకునేది అదే.

2022 తర్వాత కౌశల్ వికాస్ యోజన నాలుగో దశ మొదలైంది. 2023 సెప్టెంబరులో స్కిల్ ఇండియా డిజిటల్ హబ్ వచ్చింది, ఆధార్ ఈ-కేవైసీతో అభ్యర్థి గుర్తింపు మెరుగైంది. ఇది మంచి మార్పు. దీనితో పాటే ఇంకో మార్పూ జరిగింది, దాని గురించి ఎక్కువమంది మాట్లాడలేదు. మొదటి మూడు దశల్లో స్వల్పకాలిక శిక్షణ తర్వాత ఉద్యోగం వచ్చిందా అని లెక్క తీసేవాళ్లు. నాలుగో దశలో అభ్యర్థి తనకు నచ్చిన దారి ఎంచుకునేలా సాయపడటమే ఉద్దేశమని కేంద్రం చెబుతోంది, ఉద్యోగాల లెక్క మునుపటిలా తీయడం లేదు. మోసానికి వీలిచ్చిన గడిని సరిచేయాల్సింది పోయి పక్కన పెట్టేశారు. ఇది పొరపాటు నిర్ణయమని నా అభిప్రాయం. అమ్మాయి ఉద్యోగంలో చేరిందో, సొంతంగా కుట్టు మిషన్ పెట్టుకుందో, పై చదువుకు వెళ్లిందో, ఏదైనా కావచ్చు, కానీ ఏమైందో తెలియాలి. ఆర్థిక సర్వే 2023-24 ప్రకారం 15–29 ఏళ్ల యువతలో పద్ధతి ప్రకారం వృత్తి శిక్షణ పొందినవారు 4.4 శాతమే. అంత కొద్దిమందికి దక్కే అవకాశం ఫలించిందో లేదో తెలుసుకోకుండా వదిలేయలేం.

ఇలా శిక్షణ లెక్కల్లో దెబ్బ తిన్నది మనమొక్కరమే కాదు. ఆస్ట్రేలియాలో వృత్తి విద్యకు ప్రభుత్వం ఇచ్చిన రుణాలు 2009లో 2.6 కోట్ల డాలర్లు ఉండగా 2015 నాటికి 290 కోట్లకు ఎగబాకాయి. కోర్సు పూర్తిచేయని, కొన్నిసార్లు చేరామని కూడా తెలియని విద్యార్థుల పేరిట అప్పులు పేరుకున్నాయి. చివరికి ఆ పథకాన్ని ఎత్తేసి 2017 జనవరి 1 నుంచి కొత్తది పెట్టారు. అంతకు రెండేళ్ల ముందే, 2015 జనవరి 1 నుంచి, ప్రతి విద్యార్థికీ ఒక గుర్తింపు సంఖ్య తప్పనిసరి చేశారు. అది లేకుండా సర్టిఫికెట్ ఇవ్వరు. అక్కడి జాతీయ వృత్తి విద్య పరిశోధన కేంద్రం ఏటా విద్యార్థులనే నేరుగా సర్వే చేస్తుంది: కోర్సు పూర్తయ్యాక పని దొరికిందా, నేర్చుకున్నది ఉపయోగపడిందా అని. సంస్థ చెప్పిన లెక్క ఒకటి, విద్యార్థి చెప్పిన లెక్క ఒకటి. రెండూ పక్కపక్కన పెడితే తేడా దానంతట అదే బయటపడుతుంది.

మనకూ అదే కావాలి, అదీ ఊరికి దగ్గరగా. 2024 సెప్టెంబరులో మంగళగిరిలో ప్రయోగాత్మకంగా మొదలైన నైపుణ్య గణనలో సిబ్బంది ఇంటింటికీ వెళ్లి ఎవరికి ఏ పని వచ్చో అడిగారు. ఇంటికి వెళ్లి అడగగలిగినప్పుడు ‘మునుపు ప్రభుత్వ శిక్షణ తీసుకున్నారా, ఇప్పుడేం చేస్తున్నారు’ అని ఇంకో ప్రశ్న అడగడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ జవాబును పోర్టల్‌లోని వరుసతో సరిపోల్చే పని సెంటర్‌తో సంబంధం లేనివారి చేతికి ఇవ్వాలి. ఏ సెంటర్లో ఎంతమంది చేరారు, ఎంతమంది పాసయ్యారు, ఆరు నెలల తర్వాత ఎంతమంది పనిలో ఉన్నారు అన్న మూడు అంకెలు మండల పరిషత్ కార్యాలయం గోడ మీద ఉండాలి. ఎవరి పేర్లూ, ఆధార్ నంబర్లూ అక్కర్లేదు, మొత్తాలు చాలు.

ఈలోగా చదువరులు చేయగలిగింది ఒకటి ఉంది. మీ ఇంట్లో ఎవరైనా ఉచిత శిక్షణలో చేరుతుంటే, చేరే రోజే పాస్‌బుక్ నకలు ఇచ్చి, పోర్టల్‌లో మీ వరుసను తెర మీద చూపించమని అడగండి. ఖాతా నంబరు, ఫోన్ నంబరు మీవేనా అని చూసుకోండి. మానేస్తే, మానేసినట్టు రాశారో లేదో తెలుసుకోండి. ఇక గత మూడేళ్లలో మీ మండలం నుంచి ఎంతమంది శిక్షణ పొందారు, ఎంతమంది పనిలో ఉన్నారు అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. మన రాష్ట్రంలో మండల స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10, గ్రామ స్థాయిలో అసలు రుసుమే లేదు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ దరఖాస్తు పెట్టండి.