యాభై దగ్గర నిలబడే కరెంటు

2020 ఏప్రిల్ 5, ఆదివారం. రాత్రి తొమ్మిదింటికి తొమ్మిది నిమిషాల పాటు ఇంట్లో లైట్లు ఆర్పి దీపాలు పెట్టమని ప్రధాని పిలుపునిచ్చిన రోజు. జనం ప్రమిదలు, కొవ్వొత్తులు సిద్ధం చేసుకుంటుంటే, కరెంటు ఉత్పత్తికీ వాడకానికీ పొంతన కుదిర్చే లోడ్ డిస్పాచ్ కేంద్రాల్లో ఇంజినీర్లు గుండె చిక్కబట్టుకుని కూర్చున్నారు. వాడకం పన్నెండు పదమూడు వేల మెగావాట్లు తగ్గవచ్చని ముందుగా అంచనా వేశారు. తీరా చూస్తే తగ్గింది 31 వేల మెగావాట్ల పైమాటే.

లైట్లు ఆర్పితే కరెంటు మిగులుతుంది కదా, అందులో భయపడాల్సిందేముంది అనిపించవచ్చు. అసలు చిక్కు ఆ మిగలడంలోనే ఉంది. బియ్యం మిగిలితే గాదెలో పోసుకుంటాం, నీళ్లు మిగిలితే చెరువులో నిలుపుతాం. తీగల్లో పారే కరెంటును మాత్రం ఉన్నదున్నట్టు దాచడం కుదరదు. ఏ క్షణంలో ఎంత వాడుతున్నామో ఆ క్షణంలో అంతే తయారు కావాలి. ఎక్కువైనా ముప్పే, తక్కువైనా ముప్పే. ఆ లెక్క సరిపోతోందో లేదో చెప్పే అంకె ఒకటుంది. అదే 50. ఆ రాత్రి ఇంజినీర్ల కళ్లన్నీ దాని మీదే ఉన్నాయి.

మీ బావి దగ్గరి మోనోబ్లాక్ మోటారుకు బిగించిన రేకు పలకను ఒకసారి చూడండి. హెచ్‌పీ, వోల్టులు, ఆంపియర్లతో పాటు ‘50 హెర్ట్జ్’ అని ఉంటుంది. చాలా మోటార్ల మీద ఆ పక్కనే నిమిషానికి 2,880 చుట్లు అన్న లెక్క కూడా కనిపిస్తుంది. ఈ రెండు అంకెలకూ చుట్టరికం ఉంది.

మన ఇళ్లకు వచ్చేది ఏకాంతర విద్యుత్తు, అంటే ఏసీ కరెంటు. ఇది ఒకే దిక్కుగా పారదు. సెకనులో 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. సెకనుకు ఎన్ని ఊపులో చెప్పే ఈ లెక్కే ఫ్రీక్వెన్సీ, దాని కొలత హెర్ట్జ్. మనం 230 వోల్టులు అంటున్నది నిజానికి ఒక రకం సగటు. ప్లగ్గులోని వోల్టేజీ సున్నా నుంచి 325 దాకా లేచి, మళ్లీ సున్నాకు దిగి, అవతలి వైపు అంతే దూరం పోయి వెనక్కి వస్తుంది. ఈ అలను గీసి చూపించాల్సిన పని లేదు, చెవులతో వినవచ్చు. వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటూ ఉంటుంది కదా, కరెంటు ఊగినప్పుడల్లా దాని లోపలి ఇనుప రేకులు అతి సూక్ష్మంగా సాగి ముడుచుకోవడం వల్ల వచ్చే చప్పుడది. ఒక్కో ఊపులో రెండుసార్లు సాగుతాయి కాబట్టి సెకనుకు వంద కంపనాలు.

తీగలోని ఎలక్ట్రాన్లు శ్రీశైలంలో బయలుదేరి మన ఇంటి దాకా వస్తాయనుకుంటారు చాలామంది. అవి ఉన్నచోటునే అటూ ఇటూ ఊగుతాయి, మిల్లీమీటరు కూడా కదలవు. ప్రయాణం చేసేది శక్తి. తీగ చుట్టూ ఉండే విద్యుదయస్కాంత క్షేత్రం ద్వారా అది దాదాపు కాంతి వేగంతో వస్తుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఒక అల పొడవు 6,000 కిలోమీటర్లు. కశ్మీరు నుంచి కన్యాకుమారి దాకా దేశం మొత్తం కలిపినా అందులో సగం దాటి కాస్తంతే.

ఈ ఊపు పుట్టేది జనరేటరు తిరగడంలో. తీగచుట్ట దగ్గర అయస్కాంతం కదిలితే అందులో విద్యుత్తు పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో చూపించాడు. నేటికీ బొగ్గు, నీరు, గాలి, అణుశక్తి కేంద్రాలన్నీ ఆ సూత్రం మీదే నడుస్తున్నాయి. థర్మల్ కేంద్రంలో ఆవిరి తిప్పే రోటరుకు రెండు అయస్కాంత ధ్రువాలుంటాయి. ఒక చుట్టుకు ఒక అల కాబట్టి సెకనుకు 50 అలలు రావాలంటే నిమిషానికి 3,000 చుట్లు తిరగాలి. నీటి టర్బైను అంత వేగంగా తిరగదు, అందుకే ధ్రువాల సంఖ్య పెంచుతారు. 40 ధ్రువాలుంటే నిమిషానికి 150 చుట్లు చాలు. ఇక మీ మోటారు ఆ 3,000కు కాస్త వెనకబడి 2,880 దగ్గర తిరుగుతుంది. ఆ కాస్త వెనకబాటు లేకపోతే దానికి నీళ్లు తోడే బలమే రాదు.

విద్యుత్ కేంద్రాలన్నిటినీ కలిపే తీగల వలే గ్రిడ్. దానికి కట్టిన జనరేటర్లన్నీ ఒకే లయలో తిరగాలి. కళ్లంలో కుప్ప నూర్చేటప్పుడు ఎడ్లను వరసగా బంతి కట్టి తోలేవారు, ఒకటి ముందుకు లాగినా ఒకటి వెనక్కు తగ్గినా మిగతావాటికి తెలిసిపోయేది. గ్రిడ్‌లోనూ అంతే. రామగుండంలో ఒక యూనిట్ ఆగిపోతే ఆ కుదుపు గుజరాత్‌లోని రోటరుకూ తగులుతుంది.

ఇక్కడే గతిజ శక్తి పని చేస్తుంది. మీరు మోటారు స్విచ్ వేశారనుకోండి. ఆ క్షణంలో దానికి అందే శక్తి ఎక్కడిది? అప్పటికప్పుడు బొగ్గు ఎక్కువ కాలదు, నీటి గేటు ఎక్కువ తెరుచుకోదు. తిరుగుతున్న రోటర్లన్నీ తమ వేగంలోంచి తలా కాస్త తీసి ఇస్తాయి. 500 మెగావాట్ల యూనిట్ తిరిగే భాగాల బరువు వందల టన్నులు. పూర్తి వేగంలో అందులో దాదాపు 2,000 మెగాజూళ్లు, అంటే మన కరెంటు బిల్లు భాషలో 550 యూనిట్ల శక్తి దాగి ఉంటుంది. ఆ నిల్వతో యూనిట్ తన పూర్తి ఉత్పత్తిని నాలుగే నాలుగు సెకన్లు నిలబెట్టగలదు. ఆ లోపు యంత్రాలు తేరుకుని ఇంధనమో నీరో పెంచుకోవాలి. వాడకం పెరిగితే రోటర్లు నెమ్మదించి 50 కాస్తా 49.9 అవుతుంది. తగ్గితే వేగం పుంజుకుని 50.1 అవుతుంది. దీన్ని 49.90కి, 50.05కి మధ్య ఉంచాలన్నది మన గ్రిడ్ నియమం. మరీ పడిపోతే రిలేలనే రక్షణ పరికరాలు వాటంతటవే కొన్ని ఫీడర్లను, అంటే కొన్ని ప్రాంతాలకు కరెంటు పోయే లైన్లను, తెంపేస్తాయి.

లోవోల్టేజీ వేరు, ఈ అంకె వేరు. వోల్టేజీ మీ ట్రాన్స్‌ఫార్మర్ మీది భారాన్ని బట్టి, లైను పొడవును బట్టి వీధివీధికీ మారుతుంది. ఫ్రీక్వెన్సీ మాత్రం గ్రిడ్ మొత్తానికీ ఒక్కటే.

ఒకప్పుడు దక్షిణ గ్రిడ్‌లో ఇది 50 కంటే చాలా కింద, తరచూ 48.5 దగ్గర వేలాడేది. 2003 జనవరిలో ఇక్కడ కొత్త పద్ధతి వచ్చింది. ఫ్రీక్వెన్సీ పడిపోయిన వేళ తమ వాటాకు మించి కరెంటు లాగిన రాష్ట్రం ఎక్కువ ధర కట్టాలి. ధరను ఆ అంకెకు ముడిపెట్టేసరికి రాష్ట్రాలు దారికి వచ్చాయి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కుప్పకూలి దాదాపు 60 కోట్ల మంది చీకట్లో చిక్కుకున్నారు. ఆ లయతో అప్పటికి మన దక్షిణాదికి ముడి లేదు, అందుకే ఇక్కడ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో మనమూ కలిశాం. అప్పటి నుంచి దేశమంతటికీ ఒకే ఫ్రీక్వెన్సీ.

2020 ఏప్రిల్ 5 రాత్రి గండం గట్టెక్కించింది జలవిద్యుత్తు. బొగ్గు బాయిలరును నిమిషాల మీద తగ్గించి పెంచడం కుదరదు. టర్బైనుకు వెళ్లే నీటిని మాత్రం క్షణాల్లో తగ్గించవచ్చు. 25 నిమిషాల్లో దేశంలోని జలవిద్యుత్ కేంద్రాలు దాదాపు 17,500 మెగావాట్లు తగ్గించి, లైట్లు వెలిగేసరికి మళ్లీ అందుకున్నాయి. ఆ రాత్రి ఫ్రీక్వెన్సీ 49.70కి, 50.26కి మధ్య ఊగింది తప్ప గ్రిడ్ చెక్కు చెదరలేదు.

నీటికి ఇంకో గుణం కూడా ఉంది. కరెంటును దాచలేకపోయినా నీటిని ఎత్తులో దాచవచ్చు. అది స్థితిజ శక్తి. శ్రీశైలం నిండు మట్టం 885 అడుగులు, దిగువన నాగార్జునసాగర్‌ది 590. రెండూ నిండి ఉంటే తేడా 295 అడుగులు, అంటే 90 మీటర్లు. ఆ ఎత్తు నుంచి వెయ్యి లీటర్ల నీరు దిగితే వచ్చేది పావు యూనిట్‌కు కాస్త తక్కువ. యంత్రాల్లో పోయే నష్టం కూడా కలుపుకుంటే, మీ మీటరులో ఒక్క యూనిట్ తిరగడానికి అక్కడ దాదాపు 4,600 లీటర్ల నీరు దిగాలి. నడి సైజు ట్యాంకరు నిండా నీళ్లన్నమాట.

శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలోని ఆరు యూనిట్లు, ఒక్కొక్కటి 150 మెగావాట్లవి, రెండు వైపులా తిరగగలవు. కరెంటు మిగిలినప్పుడు అవే పంపులై సాగర్ నీటిని పైకి తోడతాయి, కొరతపడ్డ వేళ అదే నీటితో కరెంటు ఇస్తాయి. పైకి తోడటానికి నాలుగు యూనిట్ల కరెంటు ఖర్చయితే తిరిగి వచ్చేది దాదాపు మూడు యూనిట్లే. తక్కినది వేడిగా, రాపిడిగా పోతుంది. అయినా గిట్టుబాటే. ఎందుకంటే మధ్యాహ్నం మిగిలే యూనిట్‌కూ సాయంత్రం ఏడింటికి దొరకని యూనిట్‌కూ విలువ ఒకటి కాదు.

సౌరవిద్యుత్తు పెరిగేకొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది. సోలార్ ఫలకంలో తిరిగేదేమీ లేదు. అది ఇచ్చే డీసీని, అంటే ఒకే దిక్కుగా పారే కరెంటును, ఇన్వర్టర్ ఏసీగా మారుస్తుంది, కానీ వందల టన్నుల రోటరు ఇచ్చే ఆ నాలుగు సెకన్ల ఆసరా దాని దగ్గర లేదు. పైగా పొద్దు వాలితే అది ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే ఇంటింటా లైట్లు, ఏసీలు మొదలవుతాయి. బ్యాటరీలకూ నీటిని ఎత్తిపోసే కేంద్రాలకూ ఇప్పుడు ఇంత గిరాకీ రావడానికి కారణం ఇదే.

మీటరులో అన్ని యూనిట్లూ ఒకేలా కనిపిస్తాయి కానీ అన్ని వేళలూ ఒకటి కావు. ట్యాంకు నింపే మోటారు, వాషింగ్ మెషిన్, ఇస్త్రీ పెట్టె లాంటివి వీలున్నంత వరకు సాయంత్రం ఆరు నుంచి పది లోపు కాకుండా ఎండ ఉన్న వేళ వాడండి. బిల్లులో యూనిట్లు తగ్గకపోవచ్చు, గ్రిడ్ మీద భారం తప్పకుండా తగ్గుతుంది.