రాతిగొడ్డలి – దాని పరీక్ష

పాత ఆయుధములను సేకరించువారు లోకమున పలువురు గలరు. జర్మను సేనల పాత బాయొనెట్లను, అనగా తుపాకి కొనకు తగిలించు కత్తులను, సేకరించువారు వాని స్థితిని మిగుల జాగ్రత్తతో పరీక్షింతురు. కత్తిమీది సంఖ్యయు ఒరమీది సంఖ్యయు ఒక్కటేనా, వాదరను ఎవరైన మరల సానబట్టిరా అని చూతురు. తుప్పు పోవునట్లు రుద్ది మెరిపించిన కత్తికి వారిలో విలువ తగ్గును. ఏలయన, ఆ రాపిడితో దాని చరిత్రయు చెరిగిపోవును.

మన కప్పగల్లున అంతకంటె ఎంతయో ప్రాచీనములైన పనిముట్లు కలవు. మన ఊరి పేరు చివరనున్న ‘కల్లు’ అను మాటకు కన్నడమున రాయి అని అర్థము. ఊరి చెంతనున్న హిరేగుడ్డపై 3,000 ఏండ్లకు పూర్వమే జనులు డోలరైటు అను నల్లరాతితో గొడ్డళ్లు చేసిరి. మనము గొడ్డలి అందుము. మన కన్నడ సోదరులు కొడలి అందురు. పేర్లు తోబుట్టువులు, రాతిగొడ్డలి మన ఉభయుల ఆస్తి.

అట్టి గొడ్డలిని పరీక్షించుటెట్లు? తయారీ క్రమమును ముందు తెలిసికొనవలెను. మొదట రాతిని పెచ్చులుగా కొట్టి ఆకారము తెచ్చెదరు. పిదప సన్నగా పొడిచి మిట్టపల్లములు సరిచేసెదరు. తుదకు బండపై నూరి నునుపు చేసెదరు. కావున నునుపు లేని రాయి పనికిమాలినదని తలపరాదు. అది పని ముగియక ముందే విడువబడిన గొడ్డలి కావచ్చును. దాని చుట్టు పడియున్న పెచ్చులు అచ్చట పనివారు కూర్చుండిరనుటకు సాక్ష్యములు.

తరువాత వాదరను చూడవలెను. అందలి చిన్న గంట్లు వాడుకకు గురుతులు కావచ్చును. పగులు కనబడినచో రంగును పోల్చవలెను. పగులులోని రంగు పైరంగును పోలినచో అది పాత పగులు. లోపల నల్లగా క్రొత్తగా నున్నచో నిన్నమొన్న నాగలియో సుత్తియో తగిలినదని గ్రహింపవచ్చును. అందుచే రాతిని బ్రష్షుతో తోముట, నూనె పూయుట, గీచి చూచుట కూడదు.

అన్నిటికంటె ముఖ్యమైనది దొరికిన చోటు. 19వ శతాబ్దమున ఇచ్చటి గొడ్డళ్లను సేకరించిన రాబర్టు బ్రూస్ ఫూట్ గారి వస్తువులు మద్రాసు మ్యూజియమునకు చేరినవి. వాని పట్టికలో జిల్లాలు, దొరికిన స్థలములు వ్రాయబడుటచేతనే నేటికిని అవి పండితులకు ఉపకరించుచున్నవి. బెండపూడి సుబ్బారావుగారు సంగనకల్లున త్రవ్వి, ఏ పొరలో ఏది దొరకెనో గమనించి, 1948లో బళ్లారి రాతియుగ సంస్కృతులపై గ్రంథము ప్రకటించిరి. చోటు తెలియని గొడ్డలి ఒర పోయిన కత్తివంటిది.

రాళ్లు కొట్టుటచే హిరేగుడ్డకు ఇప్పటికే నష్టము కలిగినది. తరిగిన కొండ మరల పెరుగదు. కావున విద్యార్థులారా, గొడ్డలి కనబడినచో ఉన్నచోటనే ఉంచుడు; కొలిచి, బొమ్మ గీచి, చోటును, తేదీని వ్రాసికొని ఉపాధ్యాయులకు తెలుపుడు. తల్లిదండ్రులకును మాదొక మనవి: నూరేండ్లు దాటిన ఇట్టి పురావస్తువులను లైసెన్సు లేక అమ్ముటను 1972 నాటి చట్టము నిషేధించుచున్నది. ఇంట దాచిన రాయి ఒక్కరి వేడుక. చోటుతో కూడ నమోదైన రాయి ఊరి చరిత్ర.