ధనత్రయోదశినాడు కొన్న ఇత్తడి గిన్నె

ఆశ్వయుజ బహుళ త్రయోదశి వచ్చినదంటే కుత్బుల్లాపూర్‌లోని బంగారు దుకాణాలు కిటకిటలాడుతాయి. జీడిమెట్ల పారిశ్రామికవాడలో పనికై పలుప్రాంతాల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఎక్కువ. బంగారం కొనలేని గృహిణి ఇత్తడి చెంబో, గిన్నెయో తెచ్చి లక్ష్మీదేవి ముందుంచి పూజిస్తుంది. అదేనాటి సాయంకాలం అపమృత్యువు తొలగుటకై యమునికి దక్షిణముఖంగా దీపం పెట్టే ఆచారమూ ఉన్నది. ధనం కోరిన నాడే ఆయువును కూడ కోరుట గమనింపదగినది.

ఈ తిథి అమృతకలశంతో ఆవిర్భవించిన ధన్వంతరి జయంతి. ధర్మార్థకామమోక్షాలకు ఆరోగ్యమే మూలమని చరకసంహిత బోధిస్తున్నది. 2016 నుండి కేంద్ర ప్రభుత్వం ఆయుర్వేద దినోత్సవాన్ని ఈ రోజునే జరిపినది. తిథి ఏటా మారుచుండుటచే 2025లో దానిని సెప్టెంబరు 23కు స్థిరపరచినది. పండుగ మాత్రం తిథినే అనుసరిస్తున్నది.

పూజ ముగిసిన గిన్నె వంటింటికి చేరుతుంది. జాగ్రత్త అవసరమైనది ఇక్కడనే. ఇత్తడి అనగా రాగి, తుత్తునాగముల మిశ్రమం. లోపల కళాయి లేని ఇత్తడి గిన్నెలో చింతపండు పులుసు కాచినను, మజ్జిగగాని ఊరగాయగాని నిలువ ఉంచినను, పులుపునకు రాగి కరిగి ఆహారంలో కలుస్తుంది. దానివలన వికారం, వాంతులు, కడుపునొప్పి కలుగవచ్చును. మన పెద్దలు ఓపికగా కళాయి వేయించినది అందుకే. కొనునపుడే లోపలి భాగం చూడండి. తెల్లని తగరపు పూత లేక పసుపురంగు కనిపించినచో కళాయి వేయించవలెను. కళాయి వేయువారు నేడు అరుదైనారు, నిజమే. దొరకనిచో అందులో బియ్యమో, పప్పులో పోసుకొనండి. వాంతులు ఆగనిచో చిట్కాలతో కాలయాపన చేయక వైద్యుని చూడండి.