మీకు తెలుసా? యమలోకానికి గంటకు 134 కిలోమీటర్లు!

యమపురి 86,000 యోజనాల దూరమనీ, జీవుడు రేయింబవళ్లకు 247 యోజనాల చొప్పున నడుస్తాడనీ గరుడపురాణం లెక్క. యోజనం సుమారు 13 కిలోమీటర్లనుకుంటే మొత్తం 11 లక్షల కిలోమీటర్ల పైమాటే. చంద్రుడి దూరానికి దాదాపు మూడింతలు! భాగిస్తే 348 రోజులు. చనిపోయిన పదమూడో రోజున బయల్దేరితే సంవత్సరీకం నాటికి ఇంచుమించు చేరిపోతాడు. రాసినవాడికి లెక్కలొచ్చు. వేగమే ఇబ్బంది: గంటకు 134 కిలోమీటర్లు, అదీ కాలినడకన. బెళుగుప్ప నుంచి అనంతపురం పోయే బస్సుకే ఆ వేగం లేదు. దారిలో వైతరణి నది వెడల్పు 100 యోజనాలు, అంటే 1,300 కిలోమీటర్లు. వానకు మొహం వాచిన ఈ రాయలసీమవాళ్లు ఈత ఎక్కడ నేర్చుకోవాలి? దానమిచ్చిన ఆవు తోక పట్టుకుని దాటడమే గతి. ఇలాంటి నమ్మకాలపై వేమనకూ అనుమానమే: పిండాలు పెట్టే కాకి పితరుడెలా అయిందని ఏనాడో నిలదీశాడు. ఆయన సమాధి పాత అనంతపురం జిల్లాలోని కటారుపల్లిలోనే ఉంది.