కుర్చీ మారితే క్లబ్ మారుతుందా?

2025 సెప్టెంబర్ 4న లండన్‌లోని టాటెన్‌హామ్ హాట్‌స్పర్ ఫుట్‌బాల్ క్లబ్ ఒక ప్రకటన విడుదల చేసింది. దాదాపు పాతికేళ్లుగా క్లబ్‌ను నడిపిన డేనియల్ లీవీ ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్ పదవి నుంచి తప్పుకున్నారు. అంతకు ఆరు నెలల ముందు బోర్డులో చేరిన పీటర్ చారింగ్టన్ అనే మాజీ బ్యాంకర్ నాన్ ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్ అయ్యారు. రోజువారీ పగ్గాలు ఆ వేసవిలోనే సీఈఓగా వచ్చిన వినయ్ వెంకటేశం చేతిలోకి వెళ్లాయి.

అభిమానుల్లో కొందరు పండగ చేసుకున్నారు. కొందరు అనుమానపడ్డారు. యజమాని మారకుండా మేనేజ్‌మెంట్ మారితే ఏం లాభమని మరికొందరు పెదవి విరిచారు. జట్టులో ఒక్క ఆటగాడు కూడా మారని రోజున ఇంత కలకలం రేగింది. ఇది అర్థం కావాలంటే ముందు క్లబ్ బోర్డు ఏం చేస్తుందో, దాని అధికారం ఎక్కడి నుంచి వస్తుందో తెలియాలి.

బోర్డు పని ఏమిటి?

మ్యాచ్‌కు పదకొండు మందిని ఎంపిక చేసేది మేనేజర్. ఆ మేనేజర్‌ను ఎంపిక చేసేది బోర్డు (సంస్థ తరఫున పెద్ద నిర్ణయాలు తీసుకునే డైరెక్టర్ల బృందం). కొత్త ఆటగాళ్లను కొనడానికి ఎంత ఖర్చు పెట్టవచ్చు, జీతాల పద్దు ఎంత దాటకూడదు, టికెట్ ధర ఎంత పెంచాలి, అప్పు ఎంత తేవాలి అన్నవి కూడా అక్కడే తేలతాయి. అంటే శనివారం మైదానంలో కనిపించే ఆటకు హద్దులు ఏడాది ముందే బోర్డు గదిలో గీసి ఉంటాయి.

పదవుల పేర్లలో తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా ముఖ్యం. ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్ అంటే బోర్డుకు అధ్యక్షత వహిస్తూనే రోజువారీ వ్యవహారాలు కూడా నడిపే వ్యక్తి. నాన్ ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్ పర్యవేక్షిస్తారు, ప్రశ్నలు అడుగుతారు, నిర్వహణలో వేలు పెట్టరు. సీఈఓ జీతం తీసుకుని సంస్థను నడిపే ముఖ్య అధికారి. లీవీ హయాంలో అధ్యక్షత, రోజువారీ నిర్వహణ రెండూ ఒకే మనిషి చేసేవారు. ఇప్పుడు అవి విడిపోయాయి. దీనివల్ల ఒకరి ఇష్టానిష్టాల మీద క్లబ్ నడిచే పరిస్థితి తగ్గుతుంది. కానీ ఏదైనా తప్పు జరిగితే బాధ్యుడెవరో చెప్పడం కష్టమవుతుంది. పాతికేళ్లపాటు స్టాండ్స్‌లో నిరసన నినాదాలన్నీ ఒకే పేరు చుట్టూ తిరిగాయి. ఇకపై ఆ సౌకర్యం అభిమానులకు ఉండదు.

ఓటు ఎవరిది?

టాటెన్‌హామ్‌లో సుమారు 87 శాతం వాటా ఎనిక్ అనే పెట్టుబడి సంస్థది. ఆ ఎనిక్‌లో సుమారు 70 శాతం లూయిస్ కుటుంబానికి సంబంధించిన ట్రస్టుది. మిగిలిన 30 శాతం లీవీ, ఆయన కుటుంబ సభ్యులది. పదవి వదిలిన రోజున కూడా లీవీ వాటా ఆయన దగ్గరే ఉంది. ఛైర్మన్ కుర్చీలో ఎవరు కూర్చోవాలో తేల్చేది వాటాల లెక్క. లూయిస్ కుటుంబంలోని తర్వాతి తరం మార్పు కోరుకోవడమే లీవీ నిష్క్రమణకు కారణమని బ్రిటిష్ పత్రికలు రాశాయి. అది నిజమైతే అభిమానుల నిరసనలు యజమాని చెవిన పడి ఉండవచ్చు. అయినా నిర్ణయం మాత్రం యజమానిదే.

ఈ అమరిక మనకు కొత్తది కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం పాలకమండలిని ప్రభుత్వం నియమిస్తుంది. హుండీలో కానుక వేసే భక్తుడికి ఆ ఎంపికలో ఓటు లేదు. అయినా కొత్త మండలి పేర్లు వెలువడిన రోజున ఊరూరా చర్చ జరుగుతుంది. డబ్బు, నమ్మకం ఒకరివి, నిర్ణయం మరొకరిది అయినప్పుడు నియామకాల మీద చూపు తీక్షణంగానే ఉంటుంది.

మామూలు వినియోగదారుకు ఒక ఆయుధం ఉంది. సరుకు నచ్చకపోతే వేరే దుకాణానికి వెళ్తాడు. ఆర్థికవేత్త ఆల్బర్ట్ హర్ష్‌మన్ 1970లో ఈ విషయాన్ని విడమరిచి చెప్పారు. సంస్థ దిగజారినప్పుడు మనిషి ముందు రెండు దారులుంటాయి: వదిలి వెళ్లడం, గొంతెత్తడం. విధేయత గట్టిగా ఉన్నచోట మొదటి దారిని ఎవరూ అంత తేలిగ్గా పట్టరు. తాత కాలం నుంచి టాటెన్‌హామ్‌ను అంటిపెట్టుకున్న కుటుంబం టికెట్ ధర పెరిగిందని పొరుగు ప్రత్యర్థి ఆర్సెనల్‌కు మారదు. కాబట్టి మిగిలేది గొంతు. బోర్డు నియామకం ఆ గొంతుకు దొరికే అరుదైన సందర్భం. యజమాని మనసులో ఏముందో బయటికి కనిపించే కొద్ది గుర్తుల్లో అదొకటి.

పాత పద్దు

లీవీ 2001లో బాధ్యతలు తీసుకున్నారు. అప్పటి వైట్ హార్ట్ లేన్ స్టేడియంలో సుమారు 36,000 మంది పట్టేవారు. అదే చోట 2019 ఏప్రిల్‌లో 62,000కు పైగా సీట్ల కొత్త స్టేడియం తెరుచుకుంది. ఖర్చు సుమారు 100 కోట్ల పౌండ్లు. అందులో అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచ్‌లు, పెద్ద సంగీత కచేరీలు కూడా జరుగుతాయి. ఆదాయంలో ఆటగాళ్ల జీతాల వాటా ప్రీమియర్ లీగ్‌లోనే అతి తక్కువగా ఉన్న క్లబ్‌లలో టాటెన్‌హామ్ ఒకటి. అకౌంటెంట్ చూస్తే మెచ్చుకునే లెక్క ఇది.

అభిమాని లెక్క వేరు. లీవీ కాలంలో వచ్చిన పెద్ద కప్పులు రెండే: 2008 లీగ్ కప్, 2025 యూరోపా లీగ్. 2019 జూన్‌లో జట్టు ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడింది. అయిదు నెలలకే ఆ జట్టును అక్కడిదాకా తెచ్చిన మేనేజర్ పొచెటినోను తప్పించారు. 2021 ఏప్రిల్‌లో లీగ్ కప్ ఫైనల్‌కు ఆరు రోజుల ముందు తర్వాతి మేనేజర్ మొరీన్యోను పంపించేశారు. 2025 మే 21న బిల్బావోలో మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించి యూరోపా లీగ్ గెలిచారు. అదే సీజన్‌లో ప్రీమియర్ లీగ్‌లో 20 జట్లలో 17వ స్థానంలో నిలిచారు. కింది లీగ్‌కు పడిపోయే మూడు స్థానాలకు సరిగ్గా ఒక మెట్టు పైన అన్నమాట. కప్పు తెచ్చిన మేనేజర్ పోస్టెకొగ్లూ పదవి 16 రోజులకు ఊడింది.

వీటికి తోడు, వయసు పైబడినవారికి సీజన్ టికెట్ మీద ఇచ్చే రాయితీని తగ్గించుకుంటూ పోతామని 2024లో క్లబ్ ప్రకటించింది. దశాబ్దాలుగా అదే సీట్లో కూర్చున్నవారికి అది గట్టిగా తగిలింది. యూరోపా కప్పు రాకముందు, 24 ఏళ్లు, 16 మంది మేనేజర్లు, ఒక్క కప్పు అని నిరసనకారులు బ్యానర్ కట్టినప్పుడు అది కేవలం ఓటముల మీద కోపం కాదు. స్టేడియం సంపాదించిన డబ్బు జట్టులోకి ఎందుకు రావడం లేదన్న ప్రశ్న.

కొత్త మనిషి మీద అనుమానం

ఇక వెంకటేశం సంగతి. ఆయన 2010లో ఆర్సెనల్‌లో చేరి, 2020లో సీఈఓ అయి, 2024లో బయటికి వచ్చారు. టాటెన్‌హామ్ అభిమానికి ఇంతకన్నా ఇబ్బందికరమైన పూర్వానుభవం ఉండదు. 1913లో ఆర్సెనల్ థేమ్స్ నదికి దక్షిణాన ఉన్న తన చోటు వదిలి ఉత్తర లండన్‌కు వచ్చి పక్కనే స్థిరపడింది. పోటీ అప్పటి నుంచీ ఉంది. 2001లో టాటెన్‌హామ్ కెప్టెన్ సోల్ క్యాంప్‌బెల్ ఒప్పందం ముగియగానే ఒక్క పౌండ్ కూడా క్లబ్‌కు దక్కకుండా ఆర్సెనల్‌కు వెళ్లిన గాయం ఇంకా మానలేదు.

అవతలి పక్షం వాదన కూడా బలమైనదే. వెంకటేశం సీఈఓగా ఉన్న కాలంలోనే ఆర్సెనల్ కోలుకుంది. ఆరు సీజన్ల విరామం తర్వాత 2023లో ఛాంపియన్స్ లీగ్‌కు తిరిగి వచ్చింది. అందులో ఆయన వాటా ఎంత, మేనేజర్ ఆర్టెటా వాటా ఎంత అని బయటివారు విడదీయలేరు. గోల్ ఎవరు కొట్టారో అందరికీ కనిపిస్తుంది. మంచి ఒప్పందం ఎవరు కుదిర్చారో కనిపించదు. అందుకే డైరెక్టర్లను తూచేటప్పుడు అభిమానులు చేతికి దొరికిన కొలబద్దనే వాడతారు: అంతకు ముందు ఏ క్లబ్‌లో పనిచేశాడు, అక్కడ ఏం గెలిచారు.

ఇంకో సంగతి ఇరుపక్షాలకూ గుర్తుంది. 2021 ఏప్రిల్ 18న యూరప్‌లోని 12 పెద్ద క్లబ్‌లు సొంతంగా సూపర్ లీగ్ పెట్టుకుంటామని ప్రకటించాయి. వాటిలో టాటెన్‌హామ్ ఉంది, వెంకటేశం సీఈఓగా ఉన్న ఆర్సెనల్ ఉంది. అభిమానులు వీధుల్లోకి వచ్చారు. రెండు రోజుల్లో ఆరు ఇంగ్లిష్ క్లబ్‌లూ వెనక్కి తగ్గాయి.

యజమాని మాట, యజమాని డబ్బు

లీవీ వెళ్లిన కొద్ది రోజులకే క్లబ్‌ను కొంటామంటూ వచ్చిన రెండు ప్రతిపాదనలను ఎనిక్ తోసిపుచ్చింది. క్లబ్ అమ్మకానికి లేదని చెప్పింది. పెదవి విరిచినవారి అనుమానం దీంతో బలపడింది. అయితే అక్టోబర్‌లో లూయిస్ కుటుంబం 10 కోట్ల పౌండ్ల మూలధనం (తిరిగి తీర్చనక్కర్లేని, యజమాని సొంతంగా పెట్టే డబ్బు) క్లబ్‌లోకి తెచ్చింది. అప్పుకూ మూలధనానికీ తేడా పెద్దది. అప్పు తెస్తే రేపటి టికెట్ ఆదాయంలోంచి వడ్డీ కట్టాలి. మూలధనానికి ఆ భారం లేదు. నియామకం వెనక ఉద్దేశం మారిందనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అప్పటికి అభిమానుల దగ్గర లేదు.

ఓటు ఉన్నచోట

అన్ని దేశాల్లోనూ అభిమానులు గుమ్మం బయటే లేరు. జర్మనీలో 1998 నుంచి 50+1 నిబంధన ఉంది. కొన్ని మినహాయింపులు తప్ప, క్లబ్ కంపెనీలో సగానికి పైగా ఓట్లు సభ్యుల సంఘానివే కావాలి. బాయర్న్ మ్యూనిక్‌లో 75 శాతం సభ్యుల సంఘానిది. అడిడాస్, ఆడి, అలియాంజ్ కంపెనీలకు తలా 8.33 శాతం. ఓటుకు అలవాటుపడిన జర్మన్ అభిమానులు లీగ్ విషయంలోనూ ఊరుకోలేదు. ప్రసార హక్కుల ఆదాయంలో బయటి పెట్టుబడిదారుకు వాటా ఇవ్వబోతే మైదానంలోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపారు. 2024 ఫిబ్రవరిలో లీగ్ ఆ ప్రతిపాదనను విరమించుకుంది.

స్పెయిన్‌లో బార్సిలోనా అధ్యక్షుడిని సభ్యులే ఎన్నుకుంటారు. 2020లో మెస్సీ క్లబ్ వదిలిపోతానన్న తర్వాత అధ్యక్షుడు బార్తొమేయు మీద అవిశ్వాసానికి 20,000కు పైగా సభ్యులు సంతకాలు చేశారు. ఓటింగ్ దాకా వెళ్లకుండానే అక్టోబర్ 27న ఆయన బోర్డుతో సహా రాజీనామా చేశారు. ఓటు పనిచేసింది. కానీ అదే సభ్యులు ఎన్నుకున్న బోర్డుల చేతిలోనే ఆ క్లబ్ అప్పు 100 కోట్ల యూరోలు దాటింది. ఓటు ఉంటే చెడ్డ బోర్డును దించవచ్చు. మంచి బోర్డు వస్తుందన్న హామీ మాత్రం లేదు.

ఇంగ్లాండ్ మధ్యే మార్గం పట్టింది. సూపర్ లీగ్ గొడవ తర్వాత 2021లో చెల్సీ ముగ్గురు అభిమానుల ప్రతినిధులను బోర్డు సమావేశాలకు అనుమతించింది, ఓటు హక్కు లేకుండా. 2025 జులైలో ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం వచ్చింది. పై అయిదు స్థాయుల క్లబ్‌లకు స్వతంత్ర నియంత్రణ సంస్థ ఏర్పడింది. అది లైసెన్సులు ఇస్తుంది, యజమానులు, డైరెక్టర్ల యోగ్యత పరీక్షిస్తుంది, సూపర్ లీగ్ లాంటి పోటీల్లో చేరకుండా అడ్డుకోగలదు. ముఖ్యమైన విషయాల్లో అభిమానులను సంప్రదించడం క్లబ్‌ల బాధ్యత. అయితే డైరెక్టర్ నియామకాన్ని ఆపే హక్కు అభిమానులకు ఈ చట్టం ఇవ్వలేదు.

మన దేశంలో

1889లో పుట్టిన ఫుట్‌బాల్ క్లబ్ మోహన్ బగాన్‌లో 2020లో ఆర్పీఎస్జీ గ్రూపు 80 శాతం వాటా తీసుకుంది. క్లబ్ పేరు ముందు ఆ గ్రూపు పాత జట్టు పేరు ఏటీకే చేరింది. ఆ మూడు అక్షరాలను తీసేయమని కోల్‌కతా అభిమానులు మూడేళ్లు పోరాడారు. 2023 మార్చిలో జట్టు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన రాత్రే యజమాని సంజీవ్ గోయెంకా పేరు మార్పు ప్రకటించారు. వాటా లేకపోయినా గొంతు గెలిచిన సందర్భమిది. దాని వెనక నూరేళ్లు దాటిన అభిమాన బలం ఉంది.

హైదరాబాద్ ఎఫ్‌సీకి ఆ బలం లేదు. 2019లో పుట్టి 2022లో ఐఎస్ఎల్ ఛాంపియన్ అయిన క్లబ్, యాజమాన్యం మారాక 2025లో ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకుంది. ఇక్కడి అభిమానిని అడగాల్సిన అవసరం ఏ నిబంధన ప్రకారమూ ఎవరికీ కలగలేదు.

నియామకాన్ని ఎలా చదవాలి?

కొత్త ఛైర్మన్, కొత్త సీఈఓ ప్రకటన వచ్చినప్పుడు మూడు విషయాలు చూస్తే చాలు. ఆయనను నియమించింది ఎవరు, తొలగించగలిగింది ఎవరు? ఆటగాళ్ల కొనుగోలుకూ జీతాలకూ ఆఖరి సంతకం ఎవరిది? అభిమానుల మాట బోర్డు గదిలోకి వెళ్లే దారి రాతపూర్వకంగా ఉందా, లేక యజమాని దయ మీద ఆధారపడిందా? మొదటి దానికి జవాబు మారకపోతే మిగతా రెండూ ఎప్పుడైనా వెనక్కి పోవచ్చు.

అందువల్ల టాటెన్‌హామ్ అభిమానుల సంతోషం తప్పు కాదు, పెదవి విరుపూ తప్పు కాదు. నిర్వహణ తీరు నిజంగానే మారింది. యాజమాన్యం మారలేదు. ఈ రెంటిలో ఏది బరువో తేల్చేది స్వాగత ప్రకటనలు కావు. వరుసగా రెండు మూడు ఏళ్ల జీతాల పద్దు, సీజన్ టికెట్ ధరల పట్టిక పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు అంకెల్లోనే దొరుకుతుంది.