ఆ ఒక్క బీటు ఏమైంది?

ఓ మధ్యాహ్నమంతా నేనొక గుండె మానిటర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను. అది పట్టుకోవాల్సిన తేడా బీటును పట్టుకోలేదని నా కోపం.

మానిటర్‌ని పరీక్షించడానికి ప్రతిసారీ రోగిని పడుకోబెట్టం. సిగ్నల్ జనరేటర్ అనే పెట్టెలో ఎవరిదో పాత ఈసీజీని అంకెలుగా నింపుతాం. పెట్టె ఆ అంకెల్ని వరసగా వోల్టేజీగా మారుస్తుంది. రెండు రెసిస్టర్లతో దాన్ని మిల్లీవోల్టుకు దించి మానిటర్‌కు తగిలిస్తాం. తీగకు అవతల ఉన్నది మనిషో పెట్టో మానిటర్‌కేం తెలుసు?

ఆ ఈసీజీలు అమెరికాలో ఎమ్‌ఐటీ, బోస్టన్ బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రి కలిసి 1980లో విడుదల చేసినవి. 47 మందివి 48 రికార్డులు, ఒక్కోటి అరగంట పైచిలుకు. ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితం. నేను ఎక్కించింది 100వ నంబరుది. అందులో 2,273 బీట్లు. 2,239 మామూలువి, 33 గుండె పై గదుల్లోంచి తొందరపడి పుట్టినవి. కింది గదిలోంచి పుట్టింది ఒక్కటే ఒక్కటి. మానిటర్ దాన్ని చూసి కూయాలి. కూయలేదు.

"సార్, అసలు ఆ బీటు మన ఫైల్లో ఉందా?" అన్నాడు మా కుర్రాడు.

లేదు. రికార్డులో సెకనుకు 360 బిందువులు, బిందువుకో అంకె. మొత్తం 6,50,000. మా పెట్టె మెమరీ 10 లక్షలు, హాయిగా పట్టేది. కానీ గీత మెట్లు మెట్లుగా కనిపిస్తోందని, నునుపు చేద్దామని నేను బిందువుల్ని నాలుగింతలు చేశాను. 26 లక్షలైంది. పెట్టె చోటు లేదంది. చెప్పు ఇరుకని కాలు కోసుకున్నట్టు, మొదటి 10 లక్షలు ఉంచి మిగతా కోసేశాను. అంటే పదకొండున్నర నిమిషాలు. ఆ బీటు వచ్చేది 25వ నిమిషం దాటాక!

మెట్లు పోవడానికి రెసిస్టర్ల దగ్గర ఒక కెపాసిటర్ చాలు. మెమరీతో పనే లేదు.

ఇంకో మాట. ఫైలు సైజు చూసి బెదరకండి. టెక్స్ట్‌గా రాస్తే ఒక్కో అంకెకూ ఏడెనిమిది అక్షరాలు; బైనరీలో రెండు బైట్లు. పెట్టె లెక్కపెట్టేది బిందువుల్ని.

నిజంగా పట్టనివీ ఉంటాయి. 24 గంటల ఈసీజీ అంటే ఇదే వేగంతో 3,11,04,000 బిందువులు. అప్పుడు సీక్వెన్స్ వాడతాం: 288 బిందువుల బీటు ఒకటి ఎక్కించి, తిప్పుతూ ఉండమంటాం. నిమిషానికి 75 కొట్టుకుంటుంది. బీటు చివరి అంకె, మొదటి అంకె ఒకే మట్టానికి రావాలి. లేకపోతే అతుకు దగ్గర చిన్న గెంతు వస్తుంది, మానిటర్ దాన్నీ బీటు కింద లెక్కేస్తుంది.

మానిటర్ ఆగకుండా ఎంతసేపు పనిచేస్తుందో చూడ్డానికి ఇది బాగుంటుంది. తేడా బీట్లు పట్టుకుంటుందో లేదో తేల్చడానికి పనికిరాదు. బతికున్న గుండె ఏ రెండు బీట్లూ అచ్చంగా ఒకే ఎడంతో కొట్టదు. అందుకే రిపోర్టులో ‘ఒకే బీటు తిప్పాం’ అని రాయమంటాను. ఆ వాక్యం లేకపోతే సంతకం పెట్టను.