రాయి కింద ఎర్ర తేలు!

శ్రావణమాసం మూడో సోమవారం కర్నూలు జిల్లా కోడుమూరు కొండ మీద ఒక వింత కనిపిస్తుంది. భక్తులు రాళ్లు పైకెత్తి, వాటి కింద దొరికిన తేళ్లను పట్టుకుని కొండలరాయుడికి సమర్పిస్తారు. నమ్మకం సంగతి అలా ఉంచితే.. తేళ్ల మీద పరిశోధన చేసేవాళ్లు పగటిపూట చేసే పని కూడా దాదాపు ఇదే. కొంత నేలను కొలిచి గుర్తు పెట్టుకుంటారు. అందులోని ఒక్కో రాయినీ ఎత్తి చూస్తారు, ఎండిన చెట్టు బెరడును ఒలిచి చూస్తారు. ఏ తేలు ఎక్కడ దొరికిందో, అక్కడి నేల రాతిదో ఇసుకదో రాసుకుంటారు. కాకపోతే వాళ్ల చేతిలో పొడవాటి పటకారు ఉంటుంది!

అసలు పని చీకటి పడ్డాకే. తేలు ఒంటి మీది పెంకులో కొన్ని పదార్థాలుంటాయి. వాటి మీద అతినీలలోహిత కాంతి పడితే తేలు నీలి-ఆకుపచ్చ రంగులో మిలమిలా మెరుస్తుంది. దీంతో మామూలు టార్చితో ఎంత వెతికినా కనపడని తేలు ఈ కాంతిలో నాలుగడుగుల దూరం నుంచే దొరికిపోతుంది. కొత్తగా కుబుసం విడిచిన తేలు మాత్రం పెంకు గట్టిపడేదాకా సరిగా మెరవదు. వెన్నెల రాత్రుల్లో చాలా రకాల తేళ్లు బయట తిరగటం తగ్గిస్తాయి. అందుకే పరిశోధకులు అమావాస్య దగ్గరి రోజులను ఎంచుకుంటుంటారు.

ఎవరి చోటు వారిదే

మన దేశంలో వందకు పైగా రకాల తేళ్లున్నాయి. వీటిలో మనిషి ప్రాణం మీదికి తెచ్చేవి చాలా కొద్ది. పల్లెల్లో అందరూ హడలిపోయే మండ్రగబ్బనే చూడండి. నల్లగా, అరచేయంత ఉంటుంది. లావాటి డెక్కలతో భయపెడుతుంది. కానీ దీని విషం అంత ప్రమాదకరమైంది కాదు. ఇది మెత్తటి నేలలో, గట్ల వాలులో బొరియ తవ్వుకుని ఉంటుంది. వాన నీరు బొరియలోకి చేరినప్పుడు బయటపడుతుంది.

భయపడాల్సింది ఎర్ర తేలుకు. చూడటానికి చిన్నదే. డెక్కలు సన్నగా, తోక మాత్రం బలంగా ఉంటుంది. ఇది లోతైన బొరియల జోలికి పోదు. రాళ్ల కింద, ఎండిన బెరడు సందుల్లో, గోడ పగుళ్లలో దూరి ఉంటుంది. మహారాష్ట్రలోని కొంకణ్ ఎర్రమట్టి నేలలు, కర్ణాటక, తమిళనాడు, మన తెలుగు రాష్ట్రాల్లోని మెట్ట ప్రాంతాలు.. ఇలా చాలాచోట్ల ఇది కనిపిస్తుంది. లావు డెక్కలుంటే విషం తక్కువ, లావు తోకైతే ఎక్కువ అన్నది మోటు లెక్క. చాలాసార్లు సరిపోతుంది గానీ, దాన్ని నమ్ముకుని ఆసుపత్రికి వెళ్లటం మానేయకూడదు.

ఇక్కడే మన ఇంటి సంగతి వస్తుంది. తేలుకు మనతో పని లేదు. దానికి కావాల్సింది ఒళ్లు రెండు వైపులా తగిలేంత ఇరుకు సందు, చల్లదనం, తినటానికి పురుగులు. ఇంటి పక్క పేర్చిన ఇటుకలు, కట్టెల మోపు, కొబ్బరి డొక్కల కుప్ప, మిగిలిపోయిన బండలు.. తేలు దృష్టిలో ఇవన్నీ కొండ రాళ్లే. రాత్రంతా వెలిగే వరండా బల్బు చుట్టూ పురుగులు చేరితే విందు కూడా సిద్ధమైనట్టే. ఊరి చివర కొత్త లేఅవుట్లలో ఇల్లు కట్టుకున్నవాళ్లకు తేళ్లు ఎక్కువగా కనిపించటంలో ఆశ్చర్యమేమీ లేదు. అక్కడికి మనమే కొత్తగా వచ్చాం. తేలు గరుకు గోడను ఎక్కగలదు గానీ నున్నటి టైల్స్, గాజు మీద జారిపోతుంది. కాబట్టి గోడ పగుళ్లు పూడ్చి, తలుపు కింద సందు మూసి, ఇటుకల కుప్పను ఇంటికి దూరంగా జరిపితే సగం పని అయిపోయినట్టే. బయట వదిలిన బూట్లు, నేల మీద పడేసిన బట్టలు దులిపాకే వేసుకోవాలి. మంచాన్ని గోడకు ఆనించకుండా వేసుకోవాలి.

నొప్పి తగ్గిందని ఊరుకోవద్దు

తేలు కుట్టగానే చింతపిక్క అరగదీసి అంటించటం, మంత్రం వేయించటం మనకు తెలిసినవే. చాలామందికి 'తగ్గిపోతుంది' కూడా. ఎందుకంటే ఎక్కువ తేలు కాట్లు వాటంతట అవే తగ్గేవే! చిక్కంతా ఎర్ర తేలుతోనే. దీని విషం నాడులను రెచ్చగొట్టి ఒంట్లో అడ్రినలిన్ లాంటి రసాయనాలను ఒక్కసారిగా వెల్లువెత్తిస్తుంది. ఒళ్లంతా చెమటలు, వాంతులు, కాళ్లూచేతులూ చల్లబడటం, నోట్లో నీరూరటం, మగపిల్లల్లో అంగం గట్టిపడటం.. ఇవన్నీ దాని గుర్తులే. ఆ తర్వాత గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరొచ్చు. కుట్టిన చోట నొప్పి పెద్దగా లేకపోయినా ఇదంతా జరగొచ్చు. అందుకే పిల్లలను కుడితే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కుట్టిన చోట కొయ్యటం, తాడు బిగించి కట్టటం వద్దు. సబ్బుతో కడిగి, ఐసు ముక్కను గుడ్డలో చుట్టి అద్దితే చాలు.

దీనికి మంచి మందు ఉందని తేల్చింది ఒక పల్లెటూరి డాక్టరే. మహారాష్ట్ర రాయ్‌గఢ్ జిల్లా మహాడ్ ప్రాంతంలో డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1970ల నుంచీ తేలు కుట్టిన వారిని దగ్గరుండి గమనిస్తూ వచ్చారు. విషం రక్తనాళాలను బిగించేస్తోందని గుర్తించి, వాటిని వదులు చేసే పాత బీపీ మందు ప్రజోసిన్‌ను వాడి చూశారు. అంతకుముందు ఆసుపత్రికి వచ్చిన తీవ్రమైన కేసుల్లో నూటికి పాతిక, ముప్పై మంది చనిపోయేవారు. మాత్ర వచ్చాక అది నాలుగు శాతంలోపుకి దిగింది. విషానికి విరుగుడు సీరమ్ కూడా ఇప్పుడు దొరుకుతోంది. ప్రజోసిన్ ఒక్కటే ఇస్తే మేలా, దానికి సీరమ్ కూడా జోడిస్తే మేలా అని బావస్కర్ దంపతులు 70 మంది మీద పరీక్షించి, 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించారు. రెండూ ఇచ్చినవారు సగటున 8 గంటల్లో కోలుకుంటే, మాత్ర ఒక్కటే తీసుకున్నవారికి దాదాపు 18 గంటలు పట్టింది. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ప్రజోసిన్ బీపీని బాగా తగ్గిస్తుంది. మోతాదు బరువును బట్టి ఉంటుంది. కాబట్టి ఇంట్లో సొంతంగా వేయకూడదు. ఊళ్లకు వెళ్లేవాళ్లు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ మాత్ర, సీరమ్ ఉన్నాయో లేదో ముందే అడిగి ఉంచుకోవటం మంచిది. రాత్రి పదకొండింటికి వెతుక్కోవటం కష్టం.

ఇక పరిశోధకులు వాడే ఆ నీలి టార్చి ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది. పొలం పక్కన, కొత్త లేఅవుట్లలో ఉండేవాళ్లు రాత్రి పడుకునే ముందు పెరట్లో, బాత్రూమ్ మూలల్లో ఒకసారి వేసి చూడొచ్చు. పిల్లల కళ్లలో మాత్రం పడనీయొద్దు.